రాతితీరంలో ఉదయపు ఈత

విశాఖపట్నం వెళ్ళినవారిలో చాలామంది సముద్రాన్ని ఇసుకమీద నిలబడి చూచి వస్తారు. రాళ్ళున్న చోటికి పోరు; పోయినా ఒక ఫోటో తీయించుకొని మరలివస్తారు. రాళ్ళున్న చోటు స్నానానికి అనువు కాదనీ, కాలికి గాయమవుతుందనీ పెద్దలు చెప్పే మాట అబద్ధం కాదు. అయినా సముద్రంలోని జీవరాశిని దగ్గరగా చూడగోరినవారు పోవలసినది రాళ్ళ వద్దకే. ఇసుకకు నిలకడ లేదు. ప్రతి కెరటానికీ కదలిపోయే ఇసుకమీద ఏ నాచూ పాతుకొనలేదు, ఏ ప్రాణీ ఇల్లు కట్టుకొనలేదు. బ్రతకదలచిన జీవి లోపలికి దూరి దాగవలసినదే. రాయి అటువంటిది కాదు. అది కదలదు కనుక దానిని పట్టుకొన్న ప్రాణికి ఒక చిరునామా ఏర్పడుతుంది. ఆ చిరునామాలను వెదుకుతూ, ఉదయంపూట, ముఖానికి అద్దపు తొడుగు, నోట ఒక గొట్టం పెట్టుకొని నీటిపై బోర్లా తేలుతూ పోవటమే స్నార్కెలింగ్ అని పిలువబడే వినోదం. విశాఖనుంచి భీమునిపట్నం వరకు గల తీరాన్ని మనస్సులో ఉంచుకొని దీనిని గురించి కొన్ని సంగతులు మనవి చేస్తాము. వినోదమని అన్నాము గాని, ఆ తీరంలో ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నవి. కనుక ఆనందాన్ని చెప్పేచోట అపాయాన్ని కూడా చెప్పక తప్పదు.

ఈ తీరపు రాయిని ఖొండలైటు అంటారు. తూర్పు కనుమలలో నివసించే ఖోండుల పేరుమీదుగా వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1902లో దీనికి ఆ పేరు పెట్టాడు. దీనిలో గార్నెట్ అనే ఎర్రని ఖనిజపు రవ్వలు పొదిగి ఉంటవి. కొండరాయి శిథిలమైనప్పుడు ఆ రవ్వలు ఊడి సముద్రంలో చేరుతవి. భీమిలి వైపు ఇసుకలో అక్కడక్కడ ఎర్రని చారలు కనిపించటానికి కారణం ఇదే. ఆ పక్కనే కనిపించే నల్లని చారలు ఇల్మనైటువి. ఈ రాయి అంతటా ఒకే గట్టితనం గలది కాదు. మెత్తని పొరలను కెరటాలు తొలిచివేయగా గట్టి పొరలు మిగిలి గూళ్ళు, సందులు, గుంటలు, చూరులు ఏర్పడినవి. తొట్లకొండ దిగువన మంగమారిపేట దగ్గర ఒక రాయి తోరణంవలె నిలిచి ఉన్నది. మనుష్యులకు అది వింత. పీతలకు, చేపలకు ఆ సందులూ గూళ్ళూ నివాసాలు.

ఇక పోటుపాటుల సంగతి. సుమారు 24 గంటల 50 నిమిషాలలో సముద్రం రెండుసార్లు పొంగి రెండుసార్లు తగ్గుతుంది. చంద్రుడు దినదినమూ ఆలస్యంగా ఉదయించటంవల్ల ఏర్పడినదే ఆ 50 నిమిషాల తేడా. గుజరాతులోని ఖంభాత్ అఖాతంలో ఈ హెచ్చుతగ్గు 10 మీటర్ల దాకా ఉంటుంది. విశాఖలో అమావాస్యకు, పున్నమికి సైతం దాదాపు ఒకటిన్నర మీటరే. అష్టమి ప్రాంతాల అందులో సగం కూడా ఉండదు. ఇది చాలా స్వల్పమని అనిపించవచ్చును. కాని రాయిమీద బ్రతికే అంగుళమంత జీవికి ఒకటిన్నర మీటరంటే భూమ్యాకాశాల అంతరమే.

నీరు తగ్గినప్పుడు ఒక బండ ప్రక్కన నిలబడి పైనుంచి కిందికి చూడండి. రంగులు పట్టీలు పట్టీలుగా కనిపిస్తవి. అన్నిటికన్న పైన, తుంపరలు మాత్రమే తగిలేచోట, మిరియపు గింజలంతటి నత్తలు పగుళ్ళలో గుంపులుగా ఉంటవి. ఎండ ఎక్కగానే అవి చిప్ప మూతి బిగించుకొని లోపలి తడిని కాపాడుకొంటవి. దానికి దిగువన బూడిదరంగు గరుకు పట్టీ. అది రాయి పెచ్చు కాదు. బార్నకిల్ అనే జీవుల సమూహం. ఆ క్రిందుగా రాతిని అంటిపెట్టుకొన్న ముత్యపుచిప్ప జాతి గుల్లలు, ఆలుచిప్పలు, పచ్చని నాచు. ఇంకను క్రిందుగా, పాటు వేళకూడా నీరు పూర్తిగా విడువని చోట, గోధుమరంగు సర్గాసం మొక్కలు కెరటంతోపాటు జుట్టువలె అటూ ఇటూ ఊగుతుంటవి. విశాఖ తీరంలోని ఈ నాచుల అమరికను ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఉమామహేశ్వరరావు, శ్రీరాములు గార్లు పరిశీలించి 1964లో ప్రకటించారు. అంతకు ముందే ఆ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞుడు గణపతి గారు తమ సహచరులతో కలిసి విశాఖ రేవులో ఓడలకు, కొయ్యలకు పట్టే జీవులను గురించి పరిశోధించి 1958లో వెల్లడించారు.

బార్నకిల్‌ను గురించి మరి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేము. చూపులకు అది గుల్ల. పుట్టుకకు రొయ్యకూ పీతకూ బంధువు. పసితనంలో నీటిలో స్వేచ్ఛగా తిరుగుతుంది. తరువాత ఒక రాయిని ఎన్నుకొని, తలను దానికి అంటించి, చుట్టూ సున్నపు గోడ కట్టుకొని, తక్కిన ఆయువంతా అక్కడే తలక్రిందులుగా ఉండిపోతుంది. నీరు తనను కప్పినప్పుడు పై తలుపు తెరచి కాళ్ళతో నీటిని చిలికి ఆహారాన్ని లోపలికి తోసుకొంటుంది. చార్లెస్ డార్విన్ ఈ జీవిని పరిశీలిస్తూ 1846నుంచి 1854వరకు ఎనిమిదేళ్ళు గడిపాడు. ఇంతకూ ఆ పట్టీ అంత నిక్కచ్చిగా ఎందుకు ఏర్పడుతుంది? జోసెఫ్ కానెల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు స్కాట్లండు తీరంలో రెండు జాతుల బార్నకిల్‌లను పెట్టి పరీక్షలు చేసి 1961లో సమాధానం చెప్పాడు. పై హద్దును నిర్ణయించేది ఎండ. క్రింది హద్దును నిర్ణయించేది పొరుగువాడు. చిన్నజాతి క్రిందికికూడా దిగి బ్రతకగలదు. కాని అక్కడ పెద్దజాతి దానిని ఒరసి, పెకలించి, కప్పివేస్తుంది. అందుచేత అది ఎండను ఓర్చుకొని పైన ఉండిపోతుంది. గట్టుమీద కనిపించే ఆ బూడిదరంగు గీత రెండు కష్టాల నడుమ దొరికిన జానెడు చోటు.

గట్టుమీదినుంచి కనిపించేది ఇంతవరకే. తక్కినదానికి నీటిలో దిగవలె.

మన కన్ను గాలికోసం ఏర్పడినది. వెలుతురును వంచి లోపలి తెరమీద కేంద్రీకరించే పనిలో దాదాపు మూడింట రెండువంతులు కంటి ముందుభాగమైన కార్నియాదే. వెలుతురు గాలిలోనుంచి కార్నియాలోనికి ప్రవేశించేటప్పుడు వంగుతుంది. నీటికీ కార్నియాకూ ఈ విషయంలో భేదం స్వల్పం గనుక, నీరు నేరుగా తగిలిన కంటిలో ఆ వంపు ఇంచుమించు లేకుండా పోతుంది, అంతా మసక. కన్నుకూ నీటికీ నడుమ రెండువేళ్ళ మందాన గాలిని నిలిపితే చాలు, చూపు తిరిగి వస్తుంది. అద్దపు తొడుగు చేసే ఉపకారం ఇంతమాత్రమే. అయితే అది ఒక చిన్న మోసంకూడా చేస్తుంది. నాలుగడుగుల దూరాన ఉన్నది మూడడుగులలో ఉన్నట్లు, మూడంగుళాల చేప నాలుగంగుళాలది అయినట్లు తోస్తుంది. నీటిలో చూచిన చేపల పొడవును గురించి మిత్రులు చెప్పే కథలలో నాలుగోవంతు తగ్గించి వినటం న్యాయం. ఈ తొడుగు ముక్కును కూడా కప్పవలె. లోతుకు పోయినకొద్దీ నీటి ఒత్తిడికి తొడుగులోని గాలి కుంచించుకొని కళ్ళను లాగుతుంది. ముక్కుతో కొంచెం గాలి వదలితే ఆ లాగుడు తీరుతుంది. కళ్ళను మాత్రమే కప్పే ఈతకొలను అద్దాలతో ఈ సౌకర్యం లేదు.

గొట్టానికి స్నార్కెల్ అనే పేరు జర్మన్ జలాంతర్గాములనుంచి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అవి నీటి అడుగుననే ఉండి తమ డీజిల్ యంత్రాలకు గాలి అందించుకొనటానికి పైకి చాచిన గొట్టానికి ఆ పేరుండేది. 1969నుంచి 2001వరకు నౌకాదళంలో పనిచేసి, ఇప్పుడు విశాఖ రామకృష్ణా బీచిలో ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామి ఆ తరహా నౌకయే. ఈతగాని గొట్టం మూర పొడవు లోపునే ఉంటుంది. ఇంకా పొడుగుపాటి గొట్టం పెట్టుకొని లోతున తిరుగరాదా అని పిల్లలు అడుగుతారు. తిరుగరాదు. ఒక మీటరు లోతున ప్రతి చదరపు సెంటీమీటరు ఛాతీమీద 100 గ్రాముల నీటిబరువు పడుతుంది. గొట్టంలోని గాలి మాత్రం ఉపరితలపు ఒత్తిడిలోనే ఉంటుంది. ఆ బరువును ఎత్తుతూ ఛాతీ నిలకడగా శ్వాసించలేదు. రెండవ చిక్కు మనం వదలిన గాలిది. మూర లోపు గొట్టంలోనే సుమారు 125 మిల్లీలీటర్ల చెడుగాలి నిలిచి, తరువాతి శ్వాసలో తిరిగి లోపలికి వస్తుంది. మామూలు శ్వాస అరలీటరు గదా! అందుచేత గొట్టం ఉన్నవారు తొందరపడి చిన్నచిన్న శ్వాసలు తీయరాదు. నెమ్మదిగా, నిండుగా తీయవలె. ఈ నెమ్మది అలవడేవరకు మెడలోతు నీటిలోనే ఉండటం మంచిది.

ఎప్పుడు దిగవలె? సంక్రాంతి వెళ్ళిన తరువాత ఉగాదివరకు ఈ తీరంలో అనువైన కాలం. నైఋతి వర్షాలలో కెరటాలు ఉధృతంగా ఉంటవి. ఆ తరువాతి నెలలు తుపానులవి, నదులనుంచి వచ్చిన మంచినీటివి, బురదవి. రోజులో ఉదయాన్నే ఎన్నుకొనటానికి కారణం గాలి. రాత్రి నేలమీదినుంచి సముద్రంపైకి వీచే గాలి ఉదయానికి మందగిస్తుంది. ఎండ ముదిరిన తరువాతగాని సముద్రపుగాలి లేవదు. ఆ నడుమ నీటి ముఖం నునుపుగా ఉంటుంది. అయితే సూర్యోదయంతోనే దిగటంవల్ల లాభం లేదు. తూర్పుతీరాన పొద్దు సముద్రంలోనుంచి పొడుస్తుంది. క్షితిజానికి 10 డిగ్రీల ఎత్తున ఉన్న సూర్యుని వెలుగులో మూడోవంతు నీటిమీదనే ప్రతిఫలించి పోతుంది; 30 డిగ్రీలకు చేరేసరికి పోయేది నూటికి ఆరుపాళ్ళు మాత్రమే. కనుక బారెడు పొద్దెక్కనివ్వవలె.

ఒక ఫాల్గుణమాసపు ఉదయం మేము రుషికొండకు ఉత్తరంగా, రెండు బండల నడుమ ఇసుక పరచినట్లున్న ఒక చిన్న వంపులో దిగబోతుండగా, వల సరిచేసుకొంటున్న ఒక జాలరి వృద్ధుడు మమ్ములను నిలిపివేశాడు. "మొదట కూకోని సూడండి బాబూ, ఆనక దిగుదురుగాని" అన్నాడు. ఇంతకుమించిన సలహా ఏ గ్రంథంలోనూ లేదు. దూరసముద్రంలో పుట్టిన కెరటాలు గుంపులు గుంపులుగా వస్తవి. పది నిమిషాలు చిన్నవే వచ్చి, సముద్రం శాంతించినదన్న నమ్మకం కలిగించి, పిమ్మట నాలుగైదు పెద్దవి వరుసగా వస్తవి. కెరటం ఎత్తు రెట్టింపయితే దాని శక్తి నాలుగు రెట్లవుతుంది. ఇసుకమీద అది మనిషిని దొర్లించి విడిచిపెడుతుంది, రాతిమీద విడిచిపెట్టదు. అందుకే అర్ధగంట కూర్చుండి చూచి, వచ్చినవాటిలో పెద్దదానిని తలచుకొని నిర్ణయించుకొనవలె. పోటుపాటుల హెచ్చుతగ్గు స్వల్పమైన ఈ తీరంలో మనిషికి ముఖ్యమైనది పోటు కాదు, కెరటం.

ఆ ఉదయం దిగగానే మొదట మమ్ములను పలకరించినది చూపు కాదు, శబ్దం. మా వృత్తి ధ్వనితో ముడిపడినది గనుక అట్లా తోచి ఉండవచ్చును. వానాకాలంలో మీడియం వేవు రేడియోలో పిడుగులవల్ల వినిపించే చిటపటలను పాఠకులెరుగుదురు. సరిగా అదే శబ్దం, ఎడతెగకుండా, అన్ని వైపులనుంచీ! దీనికి కారణం రాతి సందులలో దాగే వేలెడంత రొయ్య. దాని రెండు కొండ్లలో ఒకటి మితిమించి పెద్దది. దానిని చటుక్కున మూయగానే నీటిధార ఒకటి అతివేగంగా చిమ్మి, దానివెంట ఒక బుడగ ఏర్పడి, మరుక్షణమే కూలిపోతుంది. చప్పుడు కొండి తగలటంవల్ల కాదనీ, ఆ బుడగ కూలటంవల్లనే అనీ డచ్చి, జర్మన్ శాస్త్రజ్ఞులు అతివేగపు చలనచిత్రాలు తీసి 2000లో నిరూపించారు. ఎదుటి చిన్నప్రాణులు ఆ దెబ్బకు మూర్ఛపోతవి. రొయ్యకు భోజనం దొరుకుతుంది.

నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. గాలిలోకన్న నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. ఒక చెవికీ రెండవ చెవికీ శబ్దం చేరే కాలంలోని భేదాన్నిబట్టి మనం దిక్కును గుర్తిస్తాము. నీటిలో ఆ భేదం నాలుగోవంతుకు తగ్గిపోవటంచేత దిక్కు తెలియదు. ఇది వింత మాత్రమే కాదు. మరపడవ వస్తున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది, ఎటునుంచి వస్తున్నదో తెలియదు. చప్పుడు వినగానే తల పైకెత్తి నాలుగు దిక్కులా చూడవలె. ఎర్రనిదో నారింజరంగుదో తేలుడు బంతి ఒకటి వెంట లాగుకొనిపోవటం పడవవానికి మన ఉనికిని తెలుపుతుంది.

రెండు నిలువుల లోతున బండ చూరుక్రింద గుంటలలో నల్లని ముళ్ళబంతులవంటి సీ అర్చిన్‌లు ఇరికి కూర్చున్నవి. నీరు పచ్చగా ఉండి పదడుగులకు మించి చూపు సాగలేదు. పసుపుపచ్చని వీపుమీద ఐదు నల్లని పట్టీలు గల అరచేతిలో సగమంత చేప ఒకటి మా అద్దంమీదికి దూసుకువచ్చి, వెనుకకు పోయి, మళ్ళీ వచ్చింది. దాని వెనుక రాతిమీద ఊదారంగు మరక ఒకటి కనిపించింది. అది గ్రుడ్ల పొర. ఈ జాతిలో గ్రుడ్లకు కావలి కాసేది తండ్రి. తనకన్న వందలరెట్లు పెద్దదైన ప్రాణిని ఎదిరిస్తున్న ఆ తండ్రిని ఎక్కువసేపు శ్రమపెట్టటం మర్యాద కాదని ప్రక్కకు తొలగిపోయాము. మనం అక్కడే తచ్చాడుతుంటే అది మనవెంట పడుతుంది. అదను చూచి తక్కిన చేపలు ఆ గ్రుడ్లను తినిపోతవి.

నీరు పచ్చగా ఉన్నదని నిరాశపడిన స్నేహితునికి మేము చెప్పిన సంగతి ఇది. మాఘ ఫాల్గుణాలనుంచి వేసవివరకు గాలి తీరం వెంబడిగా నైఋతినుంచి వీస్తుంది. భూభ్రమణం కారణంగా ఉపరితలపు నీరు గాలికి కుడివైపుకు, అనగా తీరంనుంచి బయటికి తరలిపోతుంది. దాని స్థానంలోనికి అడుగునుంచి చల్లని నీరు పైకివస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేసిన అమెరికన్ సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ ఈ విషయాన్ని ఈ తీరంలోనే పరిశీలించి వ్రాశాడు. ఆ చల్లని నీటిలో పోషక లవణాలు అధికం. వాటితో సూక్ష్మమైన వృక్షజాలం పెరిగి నీటికి పచ్చదనం వస్తుంది. దానిని తిని చిన్నచేపలు, వాటిని తిని పెద్దచేపలు, ఆపైన జాలరుల వలలు. అద్దంవలె తేటగా ఉన్న సముద్రం చూపరికి పండుగ, చేపకు పస్తు.

అపాయాలలో మొదట చెప్పవలసినది ఈత బాగా వచ్చినవారిని చంపేది. కొందరు మునిగే ముందు గబగబ పది ఇరవై నిండు శ్వాసలు తీస్తారు, ఎక్కువసేపు నీటి అడుగున ఉండవచ్చునని. శ్వాస తీయవలెనన్న ఆరాటాన్ని పుట్టించేది ముఖ్యంగా ఆక్సిజన్ తగ్గటం కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరగటం. గబగబ శ్వాసించినందువల్ల ఆక్సిజన్ చెప్పుకోదగినంత పెరగదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం అడుగంటిపోతుంది. అనగా ఇంట్లో దొంగ పడినా కుక్క మొరగదు. ఆక్సిజన్ తరిగి, ఏ హెచ్చరికా లేకుండానే స్పృహ తప్పుతుంది. చూస్తున్నవారికి ఆ మనిషి అడుగున ఏదో ఆసక్తితో పరిశీలిస్తున్నట్లే కనిపిస్తాడు. అందువల్ల ఎప్పుడూ ఇద్దరు కలిసి దిగవలె, ఒకరు మునిగితే రెండవవారు పైన ఉండి చూస్తుండవలె.

రెండవది లాగుడు ప్రవాహం. గట్టుకు వచ్చిన నీరు తిరిగి పోవటానికి ఒక దారి ఏర్పరచుకొంటుంది. బండల ప్రక్కన ఆ దారి తరచుగా ఉంటుంది. అక్కడ కెరటాలు తక్కువగా విరుగుతవి కనుక తెలియనివారికి అదే నెమ్మదైన చోటుగా తోస్తుంది. దాని వేగం ఒక్కొక్కప్పుడు సెకనుకు 2 మీటర్లుంటుంది. వంద మీటర్లను 50 సెకన్లలో ఈదే ఒలింపిక్ క్రీడాకారుని వేగం కూడా అంతే. ఎదురీదటం వ్యర్థం. చేతులు కాళ్ళు విశ్రాంతిగా ఉంచి తేలి, తీరానికి సమాంతరంగా, బండలకు దూరంగా ఈది, ప్రవాహం తప్పిన తరువాత ఒడ్డుకు తిరగవలె. దిగేముందు ఒక కొబ్బరిపీచు ముక్కను నీటిలో వేసి అది ఎటు పోతున్నదో చూచి, తొలి సగం దానికి ఎదురుగా ఈదితే, అలసిన తరువాతి సగం ప్రవాహమే ఇంటికి చేరుస్తుంది.

తుపాను వార్త లేకపోయినంతమాత్రాన సముద్రం క్షేమమని తలచరాదు. దక్షిణ మహాసముద్రంలో వేలకొలది మైళ్ళ దూరాన పుట్టిన పొంగు కెరటాలు కొన్నాళ్ళు ప్రయాణించి, గాలి లేని నిర్మలమైన రోజున మన తీరాన్ని తాకగలవు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఇటువంటి కెరటాలను ముందుగా లెక్కకట్టి హెచ్చరికలు పంపుతుంది. సముద్రానికి ఆమడల దూరాన, దక్కను పీఠభూమిమీద కూర్చుండి జాలరులకు కెరటాల జాతకం చెప్పటం చిత్రమే! రేడియోలో మత్స్యకారులకోసం ప్రసారమయ్యే హెచ్చరికలను సరదాకు పోయేవారుకూడా విని బయలుదేరటం మంచిది. పోటుపాటుల వేళలు సర్వే ఆఫ్ ఇండియావారు ప్రకటించే పట్టికలలో దొరుకుతవి.

కాలికి రబ్బరు అడుగు గల జోడు ఉండవలె. చేయి కనిపించని సందులో పెట్టరాదు. రాతిరంగులోనే కలిసిపోయి కదలక పడి ఉండే చేపలలో విషపు ముళ్ళు గలవి ఉన్నవి. ముల్లు గుచ్చుకొంటే ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో ఆ భాగాన్ని ముంచి ఉంచి, ఆలస్యం చేయక వైద్యుని వద్దకు పోవలె. నీరు గాలికన్న ఇరవైరెట్లకు పైగా వేగంగా శరీరపు వేడిని లాగివేస్తుంది గనుక, వణుకు మొదలుకాకముందే, ముప్పావుగంటకు బయటికి రావటం ఉచితం.

ఇక వెంట తెచ్చుకొనేవాటి మాట. పగడాలను, సముద్ర దోసకాయలను తాకి తేవటం చట్టరీత్యా నేరం. చిన్నరాయిని తిరగవేసి చూచినవారు దానిని తిరిగి ఉన్నట్లే పెట్టవలె. అడుగువైపు నీడలో బ్రతికే ప్రాణులు ఎండకు తిరిగితే కొద్ది గంటలలోనే చచ్చిపోతవి. ఖాళీ నత్తగుల్లలు ఎవరివీ కావు గదా అని పిల్లలు ఒడినిండా ఏరుకొంటారు. ఏరిన గుల్లను ఒడిలో వేసుకొనేముందు అరచేతిలో బోర్లించి, కదలకుండా ఒక నిమిషం నిలువుమని వారికి చెప్పండి. చాలాసార్లు దానిలోనుంచి సన్యాసి పీత ఒకటి మెల్లగా కాళ్ళు బయటికి చాచుతుంది.